ట్రాక్టరు కాలుతో విమానం

నేను విమానం దించబోయి రొయ్యల గుంట గట్టు ఎక్కించిన సంగతి మా వైపు తెలియనివాళ్లు లేరు. తెలియకుండా ఎట్టా ఉంటుంది? నేనింకా సీటు బెల్టు విప్పుకుంటా ఉండంగానే గుంట కాడ మేత వేసేవాళ్లు వీడియో తీసేసినారు. నేను ఇల్లు చేరేలోపల అది ఇందుకూరుపేట నుంచి బుచ్చిరెడ్డిపాలెం దాకా తిరిగొచ్చింది. దాని మీద ఎవరో ఎర్ర బాణం గీసి, ‘కుప్పకూలిన విమానం’ అని రాసి, ఏడుపు సంగీతం కూడా తగిలించినారు. కుప్పా లేదు, కూలడమూ లేదు. ముందే చెప్పేస్తున్నా, ఎవరికీ ఏమీ కాలేదు. నా నుదుటి మీద ఉసిరికాయంత బొప్పి కట్టింది, విమానం ముక్కు వంగింది, అంతే. ఇప్పుడు ఇంత తీరిగ్గా చెప్తున్నాను గానీ, ఆ రోజు నుంచి మళ్లీ ఒంటరిగా దిగిన రోజు దాకా నా ప్రాణం నా దగ్గర లేదు.

మాది బుచ్చిరెడ్డిపాలెం పక్కన పల్లె. నాయన వరి పండిస్తాడు, ఊళ్లో వాళ్ల మళ్లకు ట్రాక్టరు తోలుతాడు. అమ్మ అంగన్‌వాడీ టీచరు. నేను విమానం నేర్చుకుంటానంటే నాయన ఎగిరి గంతేసినాడు. అమ్మ మాత్రం, “చదివిన చదువు చాలదా, ఇంక ఆకాశంలో కూడా చదవాల్నా?” అంది. స్కాలర్‌షిప్ వచ్చిందని చెప్పినాక, “సరే, దేవుడు తలుపు తీస్తే నేనెవర్ని మూసేదానికి?” అని ఊరుకుంది. ఊరుకుందే గానీ, ఒప్పుకోలేదు. ఆ రెంటికీ తేడా మా ఇంట్లో అందరికీ తెలుసు.

నేను చేరిన ఫ్లయింగ్ స్కూలు పెద్ద గొప్పదేం కాదు. సముద్రం వైపు పోతే ఒక పక్క సరుగుడు తోటలు, ఇంకో పక్క రొయ్యల గుంటలు, మధ్యలో సన్నటి రన్‌వే. ఒక రేకుల షెడ్డు, రెండు బుల్లి విమానాలు, మా సారు. ఆ విమానంలో ఇద్దరు పక్కపక్కన కూచుంటే మోచేతులు రాసుకుంటాయి. ఆటోలోనే ఇంతకన్నా చోటుంటుంది. సారుది తడ దగ్గర ఊరు, అరవై దాటినాయి. మాట మాటకీ “ఏమ్మా” అంటాడు. మంచి మూడ్‌లో ఉంటే “ఏమ్మా” అని సాగదీస్తాడు, కోపమొస్తే అదే మాటను టప్పున కొడతాడు. మేము ఆ ఒక్క మాటను బట్టే ఆ రోజు పాఠం ఎట్టా ఉంటుందో చెప్పేసేవాళ్లం.

గాల్లో విమానం నడపడం బ్రహ్మవిద్యేం కాదు. పైన ఎంత చోటుంటుందనీ! అసలు కష్టమంతా దిగేటప్పుడు. మాతో నేర్చుకునే వాళ్లలో ఒకాయన నెల్లూరు టౌన్లో పుట్టినప్పటి నుంచీ కారు తప్ప ఎరగడు. దిగినాక విమానం పక్కకు పోతుంటే చేతిలో ఉన్న స్టీరింగు లాంటి దాన్ని గిరగిరా తిప్పినాడు. నేల మీద దాన్ని ఎంత తిప్పినా దండగ. విమానం దాని దారిన అది పోయి, రన్‌వే అంచున ఉన్న లైటును పడగొట్టి ఆగింది. ఇంకొకాయన నేల ఇంకా ఇంత దూరం ఉండంగానే దిగిపోయినాననుకుని ముక్కు పైకి లాగినాడు. విమానం ధాన్యం బస్తా మాదిరి దబ్బున పడింది. ఆయన నడుం పట్టుకుని వారం రోజులు వంగి నడిచినాడు. మరొకడు కప్ప మాదిరి ఎగిరించుకుంటా పోయి రన్‌వే అయిపోయేదాకా ఆపలేకపోయినాడు. వాళ్లను చూసి నేను పడీ పడీ నవ్వినాను. నాకు యంత్రాలు పుట్టుకతో వచ్చినాయని నా నమ్మకం. కాళ్లు అందిన నాటి నుంచీ ట్రాక్టరు తోలిన దాన్ని. నాయనకు మోకాళ్ల నొప్పులొచ్చినాక ప్రతి పంటకారుకీ నాట్లకు ముందు మా మళ్లల్లో బురద దున్ని దమ్ము చేసేది నేనే.

అప్పటికి సారు లేకుండా ఒంటరిగా ఒకట్రెండు సార్లు పైకి పోయి దిగినాను. అవి కూడా తెల్లారే పూట, గాలి లేనప్పుడు. ఆ రోజు ఇంజను చూడాల్సి వచ్చి ఆలస్యమైంది. నేను పైకి పోయేసరికి సముద్రపు గాలి మొదలైంది. మా రన్‌వే తీరం వెంబడే ఉంటుంది కాబట్టి మధ్యాన్నం పూట గాలి అడ్డంగా కొడుతుంది. సారు కింద వాకీటాకీ పట్టుకుని, “ఏమ్మా, ఇష్టం లేకపోతే ఇంకో రౌండు కొట్టు, తొందర లేదు” అన్నాడు. నాకేం తక్కువ? దిగుతానన్నాను.

నేలను తాకింది, ఎగిరింది, మళ్లీ తాకింది. హమ్మయ్య అనుకుంటా ఉండంగానే సముద్రపు గాలి తోకను తోసింది, ముక్కు ఎడమకు లాగింది. ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. నేల మీద విమానాన్ని తిప్పేది కాళ్లతో. రెండు పెడళ్లుంటాయి. పెడలు కింది భాగం మెల్లిగా తోస్తే విమానం ఆ పక్కకు తిరుగుతుంది. అదే పెడలు పైభాగాన్ని వేళ్లతో తొక్కితే ఆ పక్క చక్రానికి బ్రేకు పడుతుంది. నేను చేయాల్సిందల్లా కుడి పెడలు కింద కాస్త తోయడం. నేను చేసిందేమో, ఆ పెడలు నెత్తిన నా బరువంతా వేసి తొక్కడం. ఆలోచన కూడా రాలేదు, కాలు ముందే పోయింది.

విమానం గిర్రున కుడికి తిరిగింది. ఎడమ రెక్క కొస నేలను గీరింది. రన్‌వే దిగి, బురద దాటి, గుంట గట్టు ఎక్కి, ముక్కు చక్రం విరిగి, ప్రొపెల్లరు మట్టిలో దిగబడి ఆగింది. ఒక్కసారిగా చప్పుడంతా పోయింది. పెట్రోలు వాసన. సారు వందసార్లు చెప్పిన మాట గుర్తొచ్చి స్విచ్చిలన్నీ ఆపేసి, తలుపు తోసి బయటికి దూకినాను. నా కాళ్లు, నా చేతులు, అన్నీ నావే, అన్నీ ఉన్నాయి. ఓరి దేవుడా, బతికి ఉన్నానని తెలిసిన ఆ క్షణం ఉంది చూడండి, అంత తేలిక నాకు ఆకాశంలో కూడా ఎప్పుడూ తెలియలేదు.

సారు చెప్పులు యాడనో జారిపోయి, ఒట్టి కాళ్లతో పరుగెత్తుకుంటా వచ్చినాడు. వచ్చి నన్ను ముందుకీ వెనక్కీ తిప్పి, సంతలో గొర్రెను చూసినట్టు తల నుంచి కాళ్ల దాకా తడిమి చూసినాడు. ఏమీ కాలేదని నమ్మకం కుదిరినాక తిట్లు మొదలుపెట్టినాడు. “ఏమ్మా, రౌండు కొట్టమని చెప్పినానా లేదా? విమానం పోతే ఇంకోటి వస్తాది, నిన్ను యాడ తేవాల నేను?” అని అరిచి, అరిచి, గట్టు మీద కూలబడి తల పట్టుకున్నాడు. కాసేపయ్యాక రన్‌వే మీద చక్రం గీసిన నల్లటి చార వైపు చూసి, “అంత బ్రేకు ఎందుకు తొక్కినావమ్మా?” అన్నాడు మెల్లిగా. నాకు తెలియదు సార్ అన్నాను. నిజంగానే తెలియదు.

ఇంటికి నాయన బైకు మీద తీసుకుపోయినాడు. దారి పొడుగునా ఒక చేత్తో బండి నడుపుతా, ఇంకో చేత్తో వెనక్కి నా మోకాలును పట్టుకునే ఉన్నాడు. అమ్మకు సంగతి నేను చెప్పకముందే తెలిసింది. పిల్లలకు గుడ్లు పంచతా ఉంటే అంగన్‌వాడీ ఆయా ఫోనులో వీడియో చూపించిందంట. నేను ఇంట్లో అడుగు పెట్టేసరికి అమ్మ నీళ్లు కాచి పెట్టింది. బొప్పికి కాపడం పెట్టింది. చారు అన్నం కలిపి కంచం చేతికిచ్చింది. ఒక్క మాట లేదు. మా అమ్మ మాట్లాడకపోవడమంటే ఏంటో మా అమ్మను ఎరిగినవాళ్లకే తెలుస్తుంది. అంగన్‌వాడీలో ఆమె పాట పాడితే రెండు వీధుల అవతల ఇంట్లో పిల్లలు చేతులు కట్టుకుని నిలబడతారు. అట్టాంటి మనిషి రోజుల తరబడి నోరు మూసుకుంది. తిట్టినా బాగుండేది.

అధికారులొచ్చి చూసుకుని పోయినారు, విమానం బాగుచేయడానికి పోయింది. సారు నన్ను పిలిచి, “ఇంకో విమానంలో నాతో మళ్లీ మొదలుపెడదాం. నువ్వు దించగలవని నాకు నమ్మకం కుదిరిన రోజు ఒంటరిగా పంపిస్తా. ఒంటరిగా దిగలేకపోతే లైసెన్సు లేదమ్మా, ఇంక ఇంటికి పోయి సుఖంగా ఉండు” అన్నాడు. ఆయన మాట న్యాయమే. నా బాధ వేరే. ఆ కాలు ఎందుకు అట్టా తొక్కిందో నాకే తెలియకపోతే, మళ్లీ తొక్కదని నేనేం నమ్మకంతో కూచునేది? నా కాలే నా మాట వినలేదు. సారుతో పైకి పోయినప్పుడు నేల దగ్గరయ్యే కొద్దీ నా మోకాళ్లు కర్రల మాదిరి బిగుసుకునేవి. ఆయనే దించేవాడు.

విమానం గట్టు ఎక్కిన తర్వాత వచ్చిన ఆదివారం ప్రభువు గుడికి పోయినాం. మా సంఘంలో ఒక పద్ధతుంది. ఎవరికైనా పెద్ద గండం తప్పితే ఆరాధనలో లేచి నిలబడి సాక్ష్యం చెప్తారు. ఏం జరిగింది, దేవుడు ఎట్టా కాపాడినాడు, అందుకు స్తోత్రం, అని. పాము కరిచి బతికినవాళ్లు చెప్తారు, ఆపరేషను చేయించుకుని వచ్చినవాళ్లు చెప్తారు. మరి విమానం పడి బతికిన ఇంటి వాళ్లు చెప్పకుండా ఉంటారా? పాటలు అయిపోగానే పాస్టరు గారు ఆడవాళ్ల వైపు తిరిగి, “అమ్మా, మీ కుటుంబానికి దేవుడు చేసిన మేలు సంఘానికి చెప్తారా?” అన్నారు. అందరూ చాప మీద సర్దుకుని కూచున్నారు.

అమ్మ లేచి నిలబడింది. కొంగు సర్దుకుంది. “ఇప్పుడు చెప్పను అయ్యగారూ. ఇంకా తేలలేదు” అని కూచుంది.

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బయటికి రాగానే ఆడవాళ్లు చుట్టుముట్టినారు. ఇది దేవుడు చేసిన హెచ్చరిక అనీ, ఆడబిడ్డను ఇంక పంపొద్దనీ, తలా ఒక మాట. అమ్మ చెప్పులేసుకుంటా, “సాక్ష్యం నాది గదా, ఎప్పుడు చెప్పాల్నో నేను చూసుకుంటా” అని కత్తిరించేసింది. దారిలో నేనడిగినాను, ఏం తేలలేదమ్మా అని. “నీకెందుకు?” అంది. అమ్మకు నా మీద కోపమనుకున్నాను. దేవుడి మీద కోపమేమోనని కూడా అనుకున్నాను. ఏడుపొచ్చింది.

కాలు గుట్టు బయటపడింది మా మళ్లోనే. నాట్లు దగ్గర పడినాయి, దమ్ము చేయాలి. నేను ట్రాక్టరు ఎక్కి బురదలోకి దిగినాను. ట్రాక్టరుకు కుడి పక్క రెండు బ్రేకులుంటాయి, ఒక్కో చక్రానికి ఒకటి. రోడ్డెక్కితే ఆ రెంటినీ కొక్కెంతో కలిపేస్తాం. మడిలో విడదీస్తాం. బురదలో స్టీరింగు తిప్పితే ముందు చక్రాలు జారిపోతాయే గానీ బండి తిరగదు. కుడికి తిరగాల్నంటే కుడి బ్రేకు ఒక్కటే దబ్బున తొక్కాలి, బండి ఉన్నచోటనే గిర్రున తిరుగుతుంది. మూల వచ్చింది. గట్టు దగ్గర పడింది. నా కాలు లేచి కుడి బ్రేకు నెత్తిన పడింది. ట్రాక్టరు గిర్రున తిరిగింది.

నేను ఉన్నచోటనే ఆపేసినాను. ఆ రోజు రన్‌వే మీద తొక్కిన కాలు ఇదే. విమానం నా మాట వినకుండా జారిపోతుంటే, నా కాలు దాన్ని మా మడి అనుకుంది!

నాయన గట్టు మీద నుంచి, “ఏమైంది పాపా, ఇంజను ఆగిపోయిందా?” అని అరిచినాడు.

“లేదు నాయనా, దొరికింది!”

“ఏం దొరికింది, పామా? కాళ్లు పైకి పెట్టుకో, కాళ్లు పైకి పెట్టుకో!”

నేను సీటు మీద కూచుని నవ్వతా ఏడ్చినాను. నాయన మోకాళ్ల నొప్పి మర్చిపోయి బురదలోకి దిగి వచ్చేసినాడు. సంగతి చెప్తే, ఆయన బ్రేకుల వైపు చూసి, “అయితే నేర్పించిన పాపం నాదే” అని, నన్ను దించేసి తనే ఎక్కినాడు. నాకు లైసెన్సు వచ్చేదాకా ట్రాక్టరు ముట్టుకోవద్దన్నాడు. జబ్బేదో తెలిసిపోయింది, ఇంక మందుంటుంది అనే ధైర్యం వచ్చి ఆ పూట కడుపునిండా తిన్నాను.

సారుకు చెప్తే షెడ్డు ఎగిరిపోయేట్టు నవ్వినాడు. “కారు మాదిరి తోలినోళ్లను చూసినా, బైకు మాదిరి తోలినోళ్లను చూసినా. విమానంతో దమ్ము చేసిన మనిషిని ఇప్పుడే చూస్తా ఉండా” అని కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత ఆగి ఉన్న విమానంలో నన్ను కూచోబెట్టి మందు చెప్పినాడు. దిగేటప్పుడు రెండు మడమలూ విమానం లోపలి నేలకు ఆనించి ఉంచాలి. మడమ నేల మీద ఉంటే వేళ్లు పెడలు పైభాగానికి అందవు, కాలు ఎంత తొందరపడినా బ్రేకు పడదు. బండి నెమ్మదించినాకనే మడమ లేవాలి. వినడానికి ఇంతే. కాలు వినాలి గదా!

ఇంట్లో గోడ వారగా ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ముందర నాయన పాత చెప్పులు రెండు గోడకు ఆనించి పెట్టుకుని, అవే పెడళ్లనుకుని సాధన మొదలుపెట్టినాను. కళ్లు మూసుకుని గాలి, రన్‌వే, అన్నీ ఊహించుకుని కాళ్లు కదిలించేదాన్ని. ఒకరోజు వెనక నుంచి వినిపించింది.

“మడమ లేస్తా ఉండాది.”

అమ్మ. చేతిలో బియ్యం చాట. అన్నాళ్ల తర్వాత అమ్మ విమానం సంగతి నోరెత్తి మాట్లాడడం అదే. “కుడిది. చూసుకో” అని వంటింట్లోకి పోయింది. మరుసటి రోజు నుంచి ఆమే కుర్చీ వేసేది. పలకల దగ్గర పిల్లల్ని కూచోబెట్టినట్టు నన్ను కూచోబెట్టి, ఎదురుగా పీట వేసుకుని కూరగాయలు తరుగుతా, ఉన్నట్టుండి “గాలి వచ్చింది!” అని అరిచేది. నా కాలు ఎగిరితే కూరగాయల కత్తి వెనకవైపుతో మోకాలు మీద టక్కున కొట్టేది. “మళ్లీ చెయ్.” నాకు నవ్వూ వచ్చేది, ఒళ్లూ మండేది. ఆమె మొహంలో నవ్వు మాత్రం ఉండేది కాదు.

సారుతో మళ్లీ మళ్లీ పోయినాను. కొన్నాళ్లు బాగుండేది, కొన్నాళ్లు కాలు పాతబుద్ధి చూపించేది. “ఇదిగో, మడిలోకి పోయినావు!” అని సారు అరిచేవాడు. అట్టా అట్టా ఆ అరుపులు తగ్గినాయి. ఒక రోజు దిగినాక సారు తలుపు తెరిచి కిందికి దిగి, “ఏమ్మా, పోయిరా” అని సాగదీసినాడు. నేను తలుపు లాగేసుకున్నాను.

నాయన, అమ్మ కూడా వచ్చినారు ఆ రోజు. అమ్మ షెడ్డు కింద కుర్చీ వేసుకుని రన్‌వేకు వీపు పెట్టి కూచుంది. సారు ఎంత చెప్పినా తిరగలేదంట.

గాలి మరీ పెద్దది కాదు గానీ, ఉంది. గుంటల మీదుగా తిరిగి, రన్‌వేకు ఎదురుగా వచ్చినాను. చక్రాలు తాకినాయి. ఎగరలేదు. ఒక్క క్షణం తర్వాత గాలి తోకను తోసింది, ముక్కు సముద్రం వైపు లాగింది, అచ్చం ఆ రోజు మాదిరే. నా కుడి తొడ బిగుసుకుంది. కాలు లేవాలని చూసింది, నాకు తెలిసింది! లేవలేదు. మడమ నేలను పట్టుకుంది. పెడలు కింద మెల్లిగా తోసినాను. ముక్కు కుదురుగా గీత మీదికి వచ్చింది. విమానం నెమ్మదించింది, ఇంకా నెమ్మదించింది, ఆగింది.

అరిచినాను. ఏమరిచినానో తెలియదు. రేడియో బటను నొక్కి ఉందని కూడా తెలియదు. సారు గొంతు వచ్చింది, “చాల్లేమ్మా, చెవులు పోయినాయి, షెడ్డు కాడికి రా.”

అమ్మ అప్పుడు ఇటు తిరిగింది. నేను దిగి పోతే నా రెండు చెంపలూ పట్టుకుని చాలాసేపు చూసింది. “ఇంక తేలింది” అంది.

ఆదివారం పాస్టరు గారు అడగకముందే అమ్మ లేచి నిలబడింది.

“ఆ రోజు ఫోనులో విమానం చూసినప్పుడు ఆడనే మోకాళ్ల మీద పడినాను. బిడ్డను బతికించమని అడగలేదు, అది లేచి నిలబడడం కనిపిస్తానే ఉంది గదా. ఇంక దాన్ని విమానం ఎక్కనీయొద్దు ప్రభువా అని అడిగినాను. దినామూ అదే అడిగినాను. అది కష్టపడతా ఉంటే చూడలేక నా చేతులతో నేర్పించినాను. నేర్పిస్తా కూడా లోపల అదే అడిగినాను. ఏది ఆయన చిత్తమో తెలియక ఇన్నాళ్లూ నోరు తెరవలేదు.” అమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. “ఆయన నా ప్రార్థన వినలేదు. వినకపోయినందుకు స్తోత్రం.”

పాస్టరు గారికి ఆమెన్ అనడానికి కాస్త సమయం పట్టింది. మగవాళ్ల వైపు నుంచి నాయన ముందే గట్టిగా అనేసినాడు.